ఎండావానలో వచ్చిన శుభలేఖ

రండి, ముందుకు జరగండి. గోడకి ఆనుకున్నవాళ్లు కూడా ఇటు రండి, నా గొంతు అంత దూరం రాదు. చాప చాలకపోతే ఒకరి పక్కన ఒకరు ఒదిగి కూర్చోండి. ఇంట్లోంచి ఫోన్లు తెచ్చినవాళ్లు వాటిని అదిగో, ఆ కిటికీలో పెట్టి రండి. కథ వాటి గురించే, కానీ అవి వినక్కర్లేదు. ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది.

ఎర్రగుట్ట కింద నలభై గొర్రెల మంద ఒకటి ఉండేది. మందకు పెద్ద బొల్లి. ముఖం మీద తెల్లమచ్చ, మాట కాస్త కరుకు, నడక ఎప్పుడూ అందరికంటే ముందు. బొల్లి అడుగు ఎటు పడితే మంద అడుగు అటే. ముందు గొర్రె వాగులో దూకితే వెనక గొర్రెలు ఎందుకని అడగవు, ఎంత లోతని కూడా అడగవు. దూకాక, ఒళ్లు తడిశాక, ఓహో వాగు అనుకుంటాయి. గొర్రెదాటు అనే మాట ఊరికే పుట్టలేదు.

ఆ మంద ఉండే దొడ్డి చుట్టూ సోలార్ కంచె ఉంది. చూడ్డానికి సన్నటి తీగ. ముట్టుకుంటే ప్రాణం పోదుగానీ, మళ్లీ జన్మలో అటు తిరగబుద్ధి కాదు. పగలు మంద మేతకు వెళ్తే, ఇంకా నడక రాని పసిపిల్లలు దొడ్లోనే ఉంటాయి. వాటికి ఆ తీగ ఒక కాపలా, తీగ పక్కన కూర్చునే కుక్క వీరడు ఇంకో కాపలా. తీగను ఆపాలన్నా, మళ్లీ పెట్టాలన్నా బొల్లి మెడలో సంచిలో వేలాడే ఫోన్లోంచే. మిగతా గొర్రెల మెళ్లోనూ ఫోన్లున్నాయి. బొల్లి కొనుక్కుంది కాబట్టి అవీ కొనుక్కున్నాయి, అంతే.

ఆ కంచె వెనక ఒక ఏడుపు ఉంది. కిందటి వేసవిలో ఒక మధ్యాహ్నం గుంటనక్క దొడ్లో దూరి కర్రి పిల్లను ఎత్తుకుపోయింది. కర్రి అంటే నల్లగొర్రె, బొల్లికి చిన్ననాటి నేస్తం. ఆ రోజు వీరడు నిద్రపోయాడని మందంతా తేల్చేసింది. అప్పట్నుంచి అతన్ని వెనకాల నిద్రవీరడు అంటారు. ముందర మాత్రం అన్నా అనే అంటారు. ఆ తర్వాతే కంచె వచ్చింది.

ఇక కథలోకి వద్దాం. శ్రావణంలో ఒక సోమవారం. ఎండ కాస్తూనే ఉంది, చినుకులు పడుతూనే ఉన్నాయి. ఎండా వానా కలిసి వస్తే ఏమంటారు మీరు? కుక్కకూ నక్కకూ పెళ్లి అంటారు కదా. గొర్రెలూ అదే అనుకున్నాయి. అనుకునేలోపే బొల్లి మెడలో ఫోన్ గణగణమంది.

శుభలేఖ. పంపింది కర్రి. పైన పసుపు రంగు, కింద రెండు అరటిచెట్లు, మధ్యలో "చి. వీరడికి, గుట్ట వెనక నక్కలవారి ఆడపడుచుకు వివాహం. పూర్తిగా చదవడానికి ఇక్కడ నొక్కండి." బొల్లి మూతి ముందుకు చాచి చూసింది. పక్కనే ఉండి కాపలా కాసేవాడు పెళ్లి చేసుకుంటూ, వచ్చి బొట్టు పెట్టి పిలవకుండా ఫోన్లో కార్డు పంపుతాడా? అదీ తిన్నగా తనకు కాదు, కర్రి చేతుల మీదుగా. బొల్లికి ఒళ్లు మండింది. మండినా నొక్కింది. పెళ్లికి పోకపోయినా ముహూర్తం తెలియాలి కదా, ఎవరైనా అడిగితే చెప్పడానికి.

ఫోన్ అడిగింది: ఇది ఎక్కడిదో తెలియదు, అయినా లోపల పెట్టుకోనా? బొల్లి సరే అంది. నీ తెర మీద ఉన్నదంతా ఇది చూడొచ్చా? సరే. నీ మాటలు వినొచ్చా, నీ బదులు ఇదే నొక్కొచ్చా? తొందరలో ఉన్నవాళ్లకు అన్ని ప్రశ్నలూ ఒకేలా కనిపిస్తాయి. బొల్లి ఇంకో సరే కొట్టింది. తెర మీద చక్రం ఒకటి గుండ్రంగా తిరిగింది, తిరిగి తిరిగి మాయమైంది. శుభలేఖ మాత్రం తెరుచుకోలేదు.

"పిలవడమే కుదురుగా రాదు, కార్డెలా కుదురుతుంది" అని బొల్లి ముఖం తిప్పేసుకుంది. వీరడి దగ్గరికి వెళ్లి, ఏమయ్యా నీకు పెళ్లటగా అని ఒక్క మాట అడిగితే కథ అక్కడే అయిపోయేది. కానీ పిలవాల్సినవాడు పిలవకపోతే, మనంతట మనం వెళ్లి అడిగితే ఎంత చులకన? అడగలేదు. పెద్దది అలిగిందని మంద మొత్తం అలిగింది. బొల్లి నొక్కిందని మంద మొత్తం నొక్కింది. పాపం వీరడు, పొద్దున్నే అందరూ తనను చూసి మూతులు ఎందుకు తిప్పుతున్నారో తెలియక, నిన్న తిన్న ఎముక వాసనేమో అని తన మూతి తానే నాక్కున్నాడు.

నాలుగు రోజులు గడిచాయి. బొల్లి ఫోన్ పొద్దున నిండుగా చార్జింగ్ పెట్టినా మిట్టమధ్యాహ్నానికి నీరసించిపోయేది. నెలకు సరిపడా వేయించుకున్న నెట్ నాలుగు రోజులకే అయిపోయి, మళ్లీ వేయించుకోవాల్సి వచ్చింది. బుధవారం కంచె తనంతట తనే ఆగిపోయి, వీరడు గట్టిగా మొరిగాక మళ్లీ వచ్చింది. మబ్బు పట్టిందిలే, సోలార్ కదా అనుకుంది బొల్లి. ఆకాశంలో ఆ రోజు మబ్బుతునక లేదు.

నీళ్లతొట్టి దగ్గర మైల అనే ముసలి ఎద్దు ఉండేది. బూడిదరంగు ఒళ్లు, నెమ్మది మాట. బొల్లి దానితో తన బాధంతా చెప్పుకునేది. గురువారం కూడా అక్కడే నిలబడి, వీరడు బొట్టు పెట్టి పిలవలేదని వాపోయింది. నీమీద అతనికేమైనా కోపముందా అని మైల అడిగింది. ఆ మాటకు బొల్లి అటూ ఇటూ చూసి, మైల చెవి దగ్గరికి జరిగింది. ఆ తర్వాత, ఏడాదిగా గొంతులో అడ్డుపడ్డ ముల్లును బయటికి తీసింది.

కిందటి వేసవిలో ఆ రోజు వీరడు నిద్రపోలేదు. తుమ్మకాయలు రాలే రోజులు. అందరికంటే ముందు చెట్టు కిందికి చేరాలని, వెనకవైపు దడి తలుపుకు అడ్డకర్ర వేయకుండా బొల్లే పరుగెత్తింది. వీరడు ముందు ద్వారం దగ్గర కూర్చునే ఉన్నాడు. నక్క వెనకనుంచి వచ్చింది. నేరం వీరడి మీద పడుతుంటే బొల్లి నోరు విప్పలేదు. ఇదంతా గుసగుసగానే చెప్పింది. మెడలో ఫోన్ వెచ్చగా గొంతుకు తగులుతూనే ఉంది.

శుక్రవారం తెల్లవారుతుండగా అదే ఫోన్ మోగింది.

"బొల్లొదినా, క్షేమమా? నేను గుట్ట వెనక తమ్ముణ్ని."

గుంటనక్క గొంతు. నక్క తొందరపడలేదు. ముందు నీ గొంతు నువ్వే విను అని, తొట్టి దగ్గర బొల్లి చెప్పిన మాటలన్నీ నిట్టూర్పుతో సహా వినిపించింది. అడ్డకర్ర, తుమ్మకాయలు, వీరడు, అన్నీ.

తర్వాత బేరం పెట్టింది. రేపు పొద్దున మంద మేతకు పోయేటప్పుడు వీరణ్ని కూడా వెంట తీసుకుపోవాలి, తను మధ్యాహ్నం వస్తుంది. తీగ సంగతి తను చూసుకుంటుంది, బుధవారం ఒకసారి ఆపి చూసింది కూడా, ఆ మొరుగుడే అడ్డమొచ్చింది. ఒక్క పిల్ల చాలు, ఏదన్నది తనే ఏరుకుంటుంది. కాదంటే ఈ మాటలు నలభై ఫోన్లలో ఒకేసారి మోగుతాయి, ముందుగా కర్రి ఫోన్లో.

"దొంగవి" అంది బొల్లి.

"దొంగనెలా అవుతాను వదినా? తాళం పగలగొట్టానా? మూడుసార్లు అడిగాను, మూడుసార్లూ నువ్వే సరే అన్నావు. నీ చెవిలో ఉన్నాను, నీ కంట్లో ఉన్నాను. పిల్లలు పదకొండు కదా, నిన్న లెక్క చూశాను. కర్రికి మళ్లీ పుట్టిన పిల్ల బాగా ఒళ్లు చేసింది."

బొల్లి సరే అంది. అది నాలుగో సరే. ఫోన్ ఆగాక తనకు తానే అసహ్యమేసింది.

తొట్టి దగ్గరికి వెళ్లి నోరు తెరవబోయింది. మైల తలతో ఆపింది. బొల్లి మెడకింద సంచికి ముట్టె ఆనించి చూసి, పద, దాన్ని చార్జింగ్‌కు పెట్టి బావి అవతలికి పోదాం అంది. ఇద్దరూ బావి దాటాక అప్పుడు చెప్పింది:

"నేను ఏడేళ్లు గానుగ తిప్పాను. తిరగని గానుగ వేడెక్కదు. నువ్వు ముట్టుకోకపోయినా ఆ పెట్టె కాలుతోందంటే, దాన్ని ఇంకెవరో తిప్పుతున్నారు."

బొల్లి అంతా చెప్పింది. చెప్పి, నేనేం చెయ్యను మామా అని అడిగింది. మైల సలహా ఇవ్వలేదు, దారి చూపించింది. చేను చివర మోడుబారిన తాటిచెట్టు మీద వడ్రంగిపిట్ట ఫోన్లు బాగుచేసే కొట్టు నడుపుతుంది. దానికి ముక్కెంత పదునో మాటా అంతే.

పిట్ట కథంతా విని చెట్టుకు రెండు పోట్లు పొడిచింది. బుద్ధి లేనివాళ్లను చూస్తే దానికి అదో అలవాటు.

"దొంగలు రెండు రకాలు బొల్లక్కా. ఒకడు తలుపు పగలగొడతాడు, వాణ్ని చప్పుడే పట్టిస్తుంది. రెండోవాడు చుట్టంలా వస్తాడు. మనచేతే తలుపు తీయించుకుని అటకెక్కి కూర్చుంటాడు. మనం వండుకుంటే చూస్తాడు, మాట్లాడుకుంటే వింటాడు, మన వేలితోనే మన పెట్టె తెరుస్తాడు. వాడెక్కడో గుట్ట వెనక ఉంటాడు, చెయ్యి మాత్రం నీ ఫోన్లో ఉంటుంది."

కానీ పంపింది కర్రి కదా అంది బొల్లి. కర్రి పంపలేదు, కర్రి ఫోన్లో కూర్చున్నవాడు పంపాడు అంది పిట్ట. తెలిసినవాళ్ల పేరు మీద వస్తే ఎవరైనా తెరుస్తారు, అందుకే అలా వస్తుంది. శుభలేఖ నిజంగా బొమ్మే అయితే చూసి ఊరుకుంటాం. లోపలికి రానా, వినొచ్చా, నీ బదులు నొక్కొచ్చా అని శుభలేఖ అడుగుతుందా? అడిగిందంటే అది కార్డు కాదు, కార్డు కట్టుకొచ్చిన వేషం. ఏదైనా పెట్టుకోవాలంటే అందరికీ తెలిసిన అంగట్లోంచే తెచ్చుకోవాలి, ఎవరో విసిరిన మూటను విప్పకూడదు. ఆ ఫోన్ అప్‌డేట్ అంటూ, పాత చిల్లులు పూడ్చుకుంటానని ఆరు నెలలుగా అడుగుతుంటే నువ్వేమో 'తర్వాత' అని కొడుతున్నావు, అది వేరే తప్పు. ఇలా పిట్ట పొడుస్తూనే ఉంది.

మరి మందు? ముందు నెట్ తెంచాలి. విమానం బొమ్మ నొక్కితే చాలు, దారం తెగిన గాలిపటంలా నక్క చెయ్యి అక్కడే ఆగిపోతుంది. తర్వాత ఫోన్ను మొత్తం చెరిపి, కొట్టులోంచి తెచ్చిన రోజున ఎలా ఉందో అలా చేయాలి. కంచె రహస్య సంఖ్య మార్చాలి, అదీ ఈ ఫోన్లోంచి కాదు, మకిలి అంటని వేరే ఫోన్లోంచి. నలభై ఫోన్లూ చెరపాలి. ఒక్కటి మిగిలినా అందులోంచి మళ్లీ శుభలేఖలు బయల్దేరతాయి.

"ఇప్పుడే తెచ్చివ్వు, చెరిపేస్తాను" అంది పిట్ట.

బొల్లి కదల్లేదు. పొద్దుట్నుంచి వంగి ఉన్న తల అప్పుడు లేచింది.

"చెరిపితే నా ఫోన్లోంచి పోతాడు. వాడి దగ్గరున్న నా గొంతు పోదు కదా?"

పోదంది పిట్ట. అదొక్కటే తన చేతిలో లేదంది.

"అయితే అది నా చేతిలో ఉంది. వాడు పట్టుకున్నది నేను దాచిన మాటనే. నేనే చెప్పేస్తే వాడి చేతిలో ఏముంటుంది, గడ్డిపరకా? చెప్తాను. మొదట కర్రికి చెప్తాను. ఆ తర్వాత అది నన్ను కుమ్మినా సరే, మందలోంచి పొమ్మన్నా సరే. కానీ నక్క చెప్పినట్టు మాత్రం ఆడను. వాడు రేపు రావాలి. వచ్చి తీగ రుచి చూసి పోవాలి."

పిట్టకు ఇది నచ్చలేదు. దొంగ ఇంట్లో ఉన్నాడని తెలిశాక ఒక్క క్షణం కూడా ఉంచకూడదు, నా దగ్గరికి ఎవరొచ్చినా ఆ క్షణమే నెట్ తెంచమంటాను అంది. పసిపిల్లల విషయం కాబట్టి ఒక షరతు పెట్టింది. దొడ్డి గోడ మీద కంచె పెట్టెకు ఒక మీట ఉంటుంది. పైకి ఉంటే పెట్టె ఫోన్ మాట వింటుంది, కిందికి లాగితే చేతి మాటే వింటుంది. ఈ క్షణం నుంచే మీట కిందికి ఉండాలి. అప్పుడు నక్క ఫోన్లో ఎన్నిసార్లు ఆపినా తెర మీద ఆగినట్టు కనిపిస్తుంది, తీగ మాత్రం ఆగదు. పిట్ట తనే ఎగిరొచ్చి ముక్కుతో మీట లాగి వెళ్లింది.

ఇక మిగిలింది ఒక్కటే చిక్కు. నలభై గొర్రెల మెళ్లోనూ నక్క చెవులు వేలాడుతున్నాయి. వాటి ముందు ఒక్క ముక్క చెప్పినా గుట్ట వెనక వినిపిస్తుంది. చెప్పకుండా ఫోన్లు తీయమంటే ఎవరు తీస్తారు?

శనివారం పొద్దున మంద మేతకు లేచింది. బొల్లి రోజూలాగే ముందుకొచ్చింది. "వీరడూ, ఇవ్వాళ నువ్వూ మాతో వాగు దాకా రా" అని, ఫోన్ వినేలా గట్టిగా అంది. నాలుగు రోజుల తర్వాత ఎవరో పలకరించారు కదా, వీరడు సంతోషంతో రెండుసార్లు మొరిగాడు. బొల్లి తిన్నగా మైల దగ్గరికి నడిచింది. ఒక్క మాట మాట్లాడకుండా మెడలోంచి ఫోన్ సంచీ, దాంతోపాటు గంటా తీసి ఎద్దు మెడలో వేసింది.

కర్రి చూసింది. ఎందుకని అడగలేదు. తనదీ తీసి వేసింది. దాని వెనక పుల్ల, పుల్ల వెనక చుక్క. ఒకటి తర్వాత ఒకటి, నోరు మెదపకుండా, నలభై సంచులు, నలభై గంటలు. ఏ గొర్రెదాటు వల్ల నక్క మందలోకి వచ్చిందో, ఆ గొర్రెదాటే ఇప్పుడు నక్కకు తెలియకుండా పని చేసింది. మెడనిండా, కొమ్ములనిండా సంచులతో మైల గంగిరెద్దులా తయారైంది. ఆ గంటల చప్పుడుతో నెమ్మదిగా వాగువైపు నడిచిపోయింది.

చప్పుడు వినపడనంత దూరం పోయాక, బొల్లి దొడ్డి మధ్యలో నిలబడి మందను దగ్గరికి పిలిచింది. వీరణ్ని కూడా. కర్రి ముఖంలోకి చూస్తూ చెప్పింది. అడ్డకర్ర తనే వేయలేదని, తుమ్మకాయల కోసమేనని, వీరడు నిద్రపోలేదని, ఏడాదిగా అతని మీద నింద పడుతుంటే తను మేత మేస్తూ ఊరుకున్నానని. మధ్యలో ఏడవలేదు. ఏడిస్తే వాళ్లకు జాలి పుడుతుంది, అది తనకు వద్దు అనుకుంది.

మొదట గొంతు విప్పింది వీరడే.

"నిజంగా నిద్రపోలేదా నేను? మీరంతా అంటుంటే, ఒక్క రెప్పపాటు కన్ను మూశానేమోననే అనుకున్నాను ఇన్నాళ్లూ."

ఆ మాట బొల్లికి అన్నింటికంటే గట్టిగా తగిలింది. కర్రి మాత్రం ముందుకొచ్చి, ఒక్కసారి, బలంగా, బొల్లి భుజం మీద కుమ్మింది. బొల్లి పక్కకు తప్పుకోలేదు. కర్రి రెండోసారి కుమ్మలేదు. "దీని సంగతి మనిద్దరం తర్వాత చూసుకుందాం" అంది. "ముందు నా పిల్లను తిన్నవాడు ఎప్పుడొస్తాడో చెప్పు."

బొల్లి నక్క పన్నాగం చెప్పింది. అప్పుడు పుల్లకు ఒక సందేహం వచ్చింది. "మరి వీరన్నా, నీ పెళ్లి?"

"ఎవరితో?"

"నక్కలవారి అమ్మాయితో. కార్డొచ్చింది. నువ్వు బొట్టు పెట్టి పిలవలేదని మేమంతా అలిగాం."

వీరడు మందనంతా ఒకసారి కలియజూశాడు. "నక్క కనిపిస్తే తరమడం తెలుసు నాకు, తాళి కట్టడం తెలీదు. నాలుగు రోజులుగా ఆ మూతులు దానికా?"

మధ్యాహ్నమైంది. మంద జొన్నచొప్ప వామి వెనక అణిగిమణిగి కూర్చుంది. గుంటనక్క గుట్ట దిగి వచ్చింది. దాని మెళ్లోనూ ఒక ఫోన్. ఆగి చూసుకుంది. తెర మీద వాగు దగ్గర నలభై ఫోన్ల గుర్తులు కనిపిస్తున్నాయి. చెవి పెట్టి వింది. నలభై గంటలు గలగలమంటున్నాయి. దొడ్లో పిల్లలు పదకొండూ ఎండకు కునుకుతున్నాయి. నక్క నవ్వుకుంది. తెర మీద కంచె ఆపింది. ఆగినట్టు ఎర్రరంగు వచ్చింది. ఇంకేం, తీగ పైనుంచి ముందుకాలు వేసింది.

ఎగిరి మూడు మూరల దూరంలో పడింది. ఏమైందో అర్థం కాలేదు. తెర చూసుకుంది, ఆగిందనే ఉంది. ఎందుకైనా మంచిదని మళ్లీ ఆపింది. ఈసారి తలవంచి తీగ కింద నుంచి దూరబోయింది. మీసాలు కమిలిన వాసన వామి దాకా వచ్చింది.

"ఇంకోసారి ఆపు తమ్ముడూ" అంటూ బొల్లి వామి వెనకనుంచి బయటికొచ్చింది. "నువ్వు నా ఫోన్‌తో మాట్లాడుతున్నావు. తీగ ఇప్పుడు మాతో మాట్లాడుతోంది."

దాని వెనక మంద, మంద ముందు వీరడు. నక్క రెండడుగులు వెనక్కి వేసింది. పారిపోయే ముందు చివరి అస్త్రం తీసింది. మీ పెద్ద ఎలాంటిదో వినండి అని, ఫోన్ గొంతు బాగా పెంచి బొల్లి మాటలు పెట్టింది. దొడ్డంతా వినిపించింది. అడ్డకర్ర, తుమ్మకాయలు, వీరడు, నిట్టూర్పు.

అది అయిపోగానే కర్రి ముందుకొచ్చింది.

"ఈ మాట బొల్లి పొద్దున్నే నా కళ్లలోకి చూసి చెప్పింది. అది తప్పు చేసి చెప్పింది. నువ్వు నా పిల్లను తిన్న నోటితో చెప్తున్నావు. చెప్పడం అయిందా?"

నక్క వేలు ఇంకా ఫోన్ మీదే ఉంది. నొక్కడానికి ఇంకేమీ మిగల్లేదు.

"నాకు సరిగా వినపడలేదు" అన్నాడు వీరడు. "నిద్రపోలేదన్న ముక్క దగ్గర మళ్లీ పెడతావా?"

పెట్టేదాకా అతను ఆగలేదులెండి. గుట్ట మొదలు దాకా తరిమాడు. తిరిగొచ్చేటప్పుడు నోట్లో తోక వెంట్రుకలు కొన్ని ఉన్నాయంటారు, అది నేను చూడలేదు.

సాయంత్రం మైల వచ్చింది. మెడ నొప్పెడుతోందని తప్ప ఇంకేమీ అనలేదు. పిట్ట కూడా ఎగిరొచ్చి ముళ్లకంప మీద వాలింది. కంచె రహస్య సంఖ్య తన ఫోన్లోంచి మార్పించింది. బొల్లి అందరి ముందూ విమానం బొమ్మ నొక్కి, ఫోన్ మొత్తం చెరిపేసింది. పచ్చిక ఫోటోలు, పాటలు, మూడేళ్ల కబుర్లు, అన్నీ పోయాయి. వేరేచోట దాచుకుని ఉంటే మిగిలేవి. పోతే పోనీ అంది. వెనకున్న ముప్పై తొమ్మిదీ అప్పుడే ముట్టెలు తెర మీద పెట్టేశాయి.

"ఆగండి" అంది బొల్లి. "ఎందుకు అని అడిగితేగాని ఒక్కరినీ నొక్కనివ్వను."

మంద బిత్తరపోయింది. పుట్టి బుద్ధెరిగాక ఆ మాట వాటి నోట రాలేదు. చివరికి పుల్ల చిన్న గొంతుతో ఎందుకక్కా అంది. బొల్లి చెప్పింది. దాని వెనక చుక్క అడిగింది, బొల్లి మళ్లీ చెప్పింది. ముప్పై తొమ్మిది సార్లు చెప్పింది. ఎవరూ అడగకపోయినా మైల కూడా ఒకసారి విని తల ఊపింది.

మళ్లీ ఒక రోజు ఎండావానా కలిసి కురిశాయి. నలభై ఫోన్లు ఒకేసారి గణగణమన్నాయి. అరటిచెట్లు, పసుపు రంగు, ఇక్కడ నొక్కండి. ఈసారి నలభై గొర్రెలూ బారులు తీరి వీరడి దగ్గరికి వెళ్లి, అన్నా, నీకు పెళ్లా అని అడిగాయి. ఇంకా కుదర్లేదమ్మా, కుదిరితే కుంకుమ భరిణె పట్టుకుని నేనే వస్తాగా అన్నాడు వీరడు. గుట్ట వెనక బొరియలో గుంటనక్క మాత్రం కమిలిన మీసాలతో, ఫోన్ ముందు పెట్టుకుని, ఒక్క సరే కోసం మూడు రోజులు ఎదురుచూసింది. రాలేదు.

తాళంచెవి ఎవరికీ ఇవ్వకండి; ఇచ్చామని తెలిసిన రోజున దాచకండి.

ఇక లేవండి. అన్నాలు చల్లారిపోతుంటాయి, మీ అమ్మలు నన్ను తిడతారు. వెళ్లి కడుపునిండా తినండి. ఆ కిటికీలో ఫోన్లు మరచిపోకండి. తిన్నాక వాటినోసారి ముట్టుకుని చూడండి, ఊరికే వేడెక్కి ఉంటే పొద్దున్నే నా దగ్గరికి రండి, తిట్టను.